కొండ లేని ఊళ్లో క్లైంబింగ్

బందరులో గుడివాడ బస్సెక్కి కిటికీ పక్క సీట్లో కూర్చోండి. పెడన దాటుతుంది, గుడ్లవల్లేరు దాటుతుంది. వరి చేలు, కాలవలు, చేపల చెరువులు, గట్ల మీద తాటిచెట్లు. కొండ మాత్రం ఒక్కటీ కనబడదు. పోనీ అటు వద్దు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ వెళ్లండి. నాగాయలంక దాకా వెళ్లినా అంతే. నేల అరచేయిలా పరుచుకుని ఉంటుంది.

కృష్ణమ్మ వేల ఏళ్లుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రు ఇది. ఇల్లు కట్టుకోవాలంటే కంకర కూడా బయటి నుంచి లారీల్లో రావాల్సిందే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పేరున్న కొండలు ఇంద్రకీలాద్రి, కొండపల్లి కూడా ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లిపోయాయి.

కొండలు లేకపోయినా, ఎక్కాలన్న దురద మాత్రం పోదు కదా! ఫోన్ తెరిస్తే చాలు, ఎవడో ఒకడు వేళ్ల చివర్ల మీద వేలాడుతూ కనిపిస్తాడు. రాత్రి పదింటికి హాస్టల్ వెనక గోడ పిలుస్తుంది. స్లాబులు పోసి వదిలేసిన అపార్ట్‌మెంట్ పిలుస్తుంది. ఊరి చివర వాటర్ ట్యాంకు సంగతి చెప్పక్కర్లేదు. 1975లో ‘షోలే’లో ధర్మేంద్ర ఎక్కినప్పటి నుంచీ ప్రేమకైనా, ధర్నాకైనా, ఇప్పుడు రీల్‌కైనా అదే స్టేజీ.

ఎక్కాలనుకోవడం తప్పేం కాదు. మనిషికున్న పాత సరదాల్లో అదొకటి. కాకపోతే ట్యాంకు మీద పెట్టే ప్రాణాన్ని పెరట్లో ఎనిమిదడుగుల చెక్క గోడ మీద పెట్టకుండానే అంతకంటే గట్టి క్లైంబర్ కావచ్చు. కొండలు లేని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే ఆ పని చేసి చూపించారు.

మన దగ్గర ఎక్కేవాళ్లు లేరా?

ముందు మన ఊరి సంగతి చూద్దాం. డెల్టాలో క్లైంబింగ్ కొత్తేం కాదు. తెల్లవారుజామున గట్టు మీద నడిస్తే తాటిచెట్టు మీద కల్లుగీత కార్మికుడు కనబడతాడు. కొబ్బరి తోటల్లో కాయలు దింపేవాళ్లు ఉంటారు. వాళ్ల పనిని ఒకసారి నిదానంగా గమనించండి.

నడుముకూ చెట్టుకూ కలిపి వేసిన మోకు, పాదాలకు చిన్న బంధం. చేతులతో లాక్కుంటూ ఎక్కరు. వెనక్కి వాలి బరువంతా మోకు మీద వేస్తారు. అలా వాలినప్పుడు పాదాలు చెట్టుకు ఇంకా గట్టిగా అదుముకుంటాయి, రాపిడి పెరుగుతుంది, కాలు జారదు. తర్వాత కాళ్లతో లేచి, మోకును పైకి జరుపుతారు. ‘బరువు కాళ్ల మీద ఉంచు, చేతులు అలసిపోనివ్వకు’ అని ఏ క్లైంబింగ్ కోచ్ అయినా మొదటిరోజు చెప్పే పాఠం ఇదే. మన తాతలు దాన్ని ఫీజు లేకుండా నేర్చుకున్నారు.

ఫీజు లేదు గానీ, ఖరీదు ఉంది. చెట్టు మీద నుంచి పడి చనిపోయినవాళ్లు, నడుము విరిగి మంచాన పడ్డవాళ్లు ఉన్న కుటుంబాలు గీత కార్మికుల ఊళ్లలో కొత్త కాదు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం వీళ్లకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పట్టు తప్పినా మనిషి కింద పడకుండా తాళ్లు, బెల్టు ఆపేలా చేసిన ఏర్పాటు అది. రోజూ ఎక్కి, దిగి, అదే పనిగా బతికేవాడికే తాడు కావాలని ఒప్పుకున్నాం. మరి నెలకోసారి చీకట్లో ట్యాంకు ఎక్కేవాడికి?

దివిసీమలో ఈ మాట ఇంకో రకంగా కూడా గుర్తుకొస్తుంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు చేతికి ఏది దొరికితే అది ఎక్కినవాళ్లు ఉన్నారు. తాటిచెట్లు, తుమ్మచెట్లు, బడి స్లాబు, గుడి కప్పు. రాత్రంతా చెట్టుని కావలించుకుని బతికి బయటపడినవాళ్ల కథలు ఆ ఊళ్లలో ఇప్పటికీ ఇళ్లలో చెప్పుకుంటారు. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవాళ్లు 10 వేల దాకా ఉన్నారు. ఆ తర్వాతే తీరం పొడవునా స్తంభాల మీద తుపాను షెల్టర్లు లేచాయి. వాటికి పైదాకా మెట్లు కట్టారు. ముసలమ్మ అయినా, చంటిబిడ్డ తల్లి అయినా ఎక్కగలగాలని. ఎత్తు అంటే ఏమిటో ఈ నేలకు బాగా తెలుసు.

కాలేజీ గోడల పాత కథ

కాలేజీ కుర్రాళ్లు బిల్డింగులు ఎక్కడం మన దగ్గర పుట్టిన పిచ్చేం కాదు. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ విద్యార్థులు నూట పాతికేళ్ల కిందటే రాత్రిళ్లు కాలేజీ పైకప్పులు ఎక్కేవారు. ట్రినిటీ కాలేజీ కప్పులు ఎలా ఎక్కాలో జెఫ్రీ వింత్రాప్ యంగ్ అనే కుర్రాడు ఏకంగా గైడు పుస్తకమే రాశాడు. 1937లో ‘ది నైట్ క్లైంబర్స్ ఆఫ్ కేంబ్రిడ్జ్’ అని ఇంకో పుస్తకం వచ్చింది. రాసినాయన అసలు పేరు పెట్టుకోలేదు, ‘విపుల్‌స్నైత్’ అని మారుపేరు పెట్టుకున్నాడు. దొరికితే కాలేజీ నుంచి గెంటేస్తారు మరి.

కేంబ్రిడ్జ్ కథ సరదాగా ఉంటుంది గానీ, ఆటని మార్చింది మాత్రం లీడ్స్ యూనివర్సిటీ. 1964లో అక్కడ డాన్ రాబిన్సన్ అనే వ్యాయామ విద్య లెక్చరర్ ఓ పని చేశాడు. ఒక కారిడార్ గోడలో అక్కడక్కడా రాళ్లు పొదిగించాడు. అంతే. బయట వాన పడినా, చలి కొరికినా, విద్యార్థులు లోపలే వేలాడుతూ ప్రాక్టీస్ చేశారు. ఆధునిక క్లైంబింగ్ గోడల చరిత్ర రాసేవాళ్లు ఈ గోడ దగ్గరే మొదలుపెడతారు. కింద నేల, పక్కన నడిచే దారి, చెయ్యి అందే ఎత్తు. ఆ గోడ మీద వేళ్లు ముదిరిన కుర్రాళ్లు బయటి బండల మీదికి వెళ్లి పెద్దవాళ్లని ఆశ్చర్యపరిచారు.

1988లో జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ గుల్లిచ్ ఇంకా సింపుల్‌గా ఆలోచించాడు. న్యూరెంబర్గ్‌లో ‘క్యాంపస్’ అనే జిమ్‌లో ఏటవాలు పలక మీద చెక్క పట్టీలు వరసగా బిగించాడు. కాళ్లు వాడకుండా చేతివేళ్లతోనే ఒక్కో పట్టీ మీదికి ఎగబాకేవాడు. 1991లో ‘యాక్షన్ డిరెక్ట్’ అనే దారిని ఎక్కాడు. అప్పటికి ప్రపంచంలో అంతకంటే కష్టమైనది లేదు. ఈరోజుకీ అలాంటి పలకని ‘క్యాంపస్ బోర్డు’ అనే పిలుస్తారు.

అంటే ఈ ఆటలో పెద్ద పెద్ద మలుపులు ఎత్తయిన చోట రాలేదు. కారిడార్లలో, జిమ్ మూలల్లో వచ్చాయి.

ఇంకో డెల్టా, ఇంకో కుర్రాడు

‘వాళ్లకి పక్కనే కొండలున్నాయి కదా’ అంటారేమో. సరే, ఇండోనేషియా వెళ్దాం. పోంటియానాక్ అనే ఊరు. కపువాస్ నది సముద్రంలో కలిసేచోట, డెల్టాలో, భూమధ్యరేఖ మీద ఉంటుంది. చదునైన నేల, నీళ్లు, ఉక్కపోత. మన బందరు వాతావరణం అన్నమాట.

ఆ ఊళ్లో పుట్టిన వెడ్రిక్ లియోనార్డో 2024 ఆగస్టు 8న పారిస్ ఒలింపిక్స్‌లో స్పీడ్ క్లైంబింగ్ గోల్డ్ కొట్టాడు. 15 మీటర్ల గోడని 4.75 సెకన్లలో ఎక్కేశాడు. రెండో స్థానంలో ఉన్న చైనా కుర్రాడు వు పెంగ్ టైమ్ 4.77. తేడా కనురెప్ప కొట్టేంత కూడా లేదు. అప్పటిదాకా ఒలింపిక్స్‌లో ఇండోనేషియా గోల్డులన్నీ బ్యాడ్మింటన్‌వే. బ్యాడ్మింటన్ కాని మొదటి గోల్డు ఈ డెల్టా కుర్రాడిది.

ఎలా కుదిరింది? స్పీడ్ క్లైంబింగ్‌లో గోడ ప్రపంచమంతా ఒక్కటే. 5 డిగ్రీల వంపు, అవే హోల్డులు, అవే స్థానాలు. పారిస్‌లో ఎక్కే గోడనే మన ఊళ్లోనూ కట్టుకుని వెయ్యిసార్లు ఎక్కొచ్చు. కొండ అక్కర్లేదు. అదే దేశానికి చెందిన ఆరిస్ సుశాంతి రహాయు 2019లో 6.995 సెకన్లలో ఎక్కి, 7 సెకన్లలోపు వచ్చిన మొదటి మహిళ అయింది. తలకు స్కార్ఫ్ కట్టుకునే ఎక్కింది.

అమ్మాయిల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పుకోవాలి. రాత్రిపూట ట్యాంకు ఎక్కే బ్యాచ్‌లో అమ్మాయిలు ఉండరు. ఉండనివ్వరు కూడా. పగటిపూట, పెరట్లో, తలుపు తీసి ఉన్న షెడ్డులో గోడ ఉంటే చెల్లీ ఎక్కుతుంది, పక్కింటి పిల్లా ఎక్కుతుంది. ఊళ్లో ఎక్కేవాళ్ల సంఖ్య ఒక్కసారిగా రెట్టింపు.

మన బిల్డింగులు ఎందుకు నమ్మకూడదు?

సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. అది కాంక్రీటులోకి మెల్లగా దిగి లోపలి ఇనుప చువ్వని తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని లోపలి నుంచి పగలగొడుతుంది. బందరులో పాత మేడల సన్‌షేడ్ల కింద పెచ్చులు ఊడి చువ్వలు బయటపడటం చూసే ఉంటారు. మీరు చూడనిది ఏమిటంటే, ఊడటానికి రెడీగా ఉన్న పెచ్చు పైకి సున్నం వేసి నున్నగా ఉంటుంది. రోజూ వానని ఆపే సన్‌షేడ్ 60 కిలోల మనిషి ఒంటిచేత్తో వేలాడితే ఆగుతుందని గ్యారంటీ లేదు.

డ్రైనేజీ పైపు సంగతి సరేసరి. ఎండకి పెళుసెక్కిన ప్లాస్టిక్, గోడకి రెండు మేకుల క్లాంపు. మేడ పక్కనుంచి వెళ్లే కరెంటు తీగ ఇంకా ఘోరం. హైటెన్షన్ తీగని తాకక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా కరెంటు దూకుతుంది. ట్యాంకుల నిచ్చెన మెట్లు ఉప్పుగాలికి ఎంత తిన్నాయో చీకట్లో తెలీదు.

ఇప్పుడు కాస్త ఇంటర్ ఫిజిక్స్. మూడంతస్తుల మేడ సుమారు 10 మీటర్లు. అక్కణ్నుంచి జారితే నేల తాకడానికి ఒకటిన్నర సెకను కూడా పట్టదు. తాకేటప్పుడు వేగం గంటకు 50 కిలోమీటర్లు. 15 మీటర్ల ట్యాంకు అయితే 60 దాటుతుంది. హెల్మెట్ లేకుండా బైకు మీద ఆ స్పీడులో గోడకి గుద్దుకోవడమే. ‘పట్టుకున్నా కదా’ అనుకునేలోపే అయిపోతుంది.

ఫోన్లో చూసే హీరోల సంగతీ పూర్తిగా తెలుసుకోండి. ఆకాశహర్మ్యాలెక్కే ఫ్రాన్స్ దేశస్థుడు అలెన్ రాబర్ట్ 1982లో 15 మీటర్ల నుంచి పడి ఐదురోజులు కోమాలో ఉన్నాడు. 2011లో బుర్జ్ ఖలీఫా ఎక్కినప్పుడు ఆయనకీ తాడు, బెల్టు కట్టారు. తాడు లేకుండా ఎల్ క్యాపిటన్ ఎక్కిన అలెక్స్ హొనాల్డ్ 2017 జూన్ 3కి ముందు అదే దారిలో తాడు కట్టుకుని ఎన్నోసార్లు ప్రాక్టీస్ చేశాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో బట్టీ పట్టాకే తాడు వదిలాడు. రీల్‌లో మనకి చివరి రోజే కనిపిస్తుంది.

ఇంకో మాట. ఘంటసాల బౌద్ధ స్తూపం, శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు గుడి, బందరులో డచ్చివాళ్ల సమాధులు ఎక్కడానికి కట్టినవి కావు. వాటి జోలికి వెళ్లొద్దు.

పెరట్లో గోడ ఇలా

నలుగురైదుగురు కలిస్తే అయ్యే పని ఇది. చోటు ముఖ్యం. ఆరుబయట నిలబెడితే తుపాను గాలికి తెరచాపలా లేచిపోతుంది. పాత రేకుల షెడ్డు, ఖాళీగా ఉన్న ధాన్యం గోదాము లాంటివి బెస్ట్.

ప్లైవుడ్: 8 అడుగులకు 4 అడుగుల షీట్లు రెండు, 18 మిల్లీమీటర్ల మందం. తేమకి పొరలు విడిపోకుండా వాటర్‌ప్రూఫ్ రకమే తీసుకోండి. పక్కపక్కన పెడితే 8కి 8 గోడ తయారు.

ఫ్రేము: వెల్డింగ్ షాపులో ఇనుప స్క్వేర్ పైపులతో చేయించండి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకి మేకులు కొట్టి వేలాడదీయొద్దు. ఫ్రేముకి సొంత కాళ్లుండాలి. ముగ్గురు ఒకేసారి వేలాడినా కదలకూడదని వెల్డర్‌కి ముందే చెప్పండి. తుప్పు రాకుండా రెండు కోటింగులు రెడాక్సైడ్ వేయండి.

వంపు: గోడ మీ వైపు వాలి ఉండాలి. మొదట్లో నిలువు నుంచి 20 డిగ్రీలు చాలు. ప్రపంచంలో చాలామంది వాడే మూన్‌బోర్డు 40 డిగ్రీలు వాలి ఉంటుంది. అంత వంపులో రెండడుగుల ఎత్తులోనే చుక్కలు కనిపిస్తాయి. కష్టం వంపులో ఉంటుంది, ఎత్తులో కాదు. ట్యాంకు ఎక్కినవాణ్ని తీసుకొచ్చి ఈ గోడ మీద వేలాడమనండి, పది సెకన్లలో తెలిసిపోతుంది.

రంధ్రాలు: ఎనిమిది అంగుళాలకొకటి చొప్పున ఒక్కో షీటుకి 60, 70 వస్తాయి. వెనకనుంచి టీ నట్లు కొట్టి, ముందునుంచి 10 మిల్లీమీటర్ల బోల్టు బిగించాలి. ఈ పని షీటు నిలబెట్టకముందే చేయండి, తర్వాత చెయ్యి పట్టదు.

హోల్డులు: సామిల్లులో టేకు, వేప ముక్కలు అడగండి. ముడులు, పగుళ్లు లేనివి ఏరుకోండి. అంచులన్నీ ఉప్పు కాగితంతో గుండ్రంగా రుద్దాలి, లేకపోతే వేళ్ల చర్మం లేచిపోతుంది. ఒక బోల్టుతో వదిలేస్తే హోల్డు తిరిగిపోతుంది. పక్కనే ఒక స్క్రూ కూడా వేయండి. వారానికోసారి అన్నీ బిగించి చూసుకోండి.

కింద పరుపు: గోడకంటే ముందు ఆలోచించాల్సింది ఇదే. దూది పరుపులు నాలుగు రోజులకే అణిగి చెక్కలా అయిపోతాయి. ఫోమ్ పరుపులు అడుగు మందం వచ్చేలా పేర్చి, మొత్తం మీద ఒకే బరకం లాగి కట్టేయండి. రెండు పరుపుల మధ్య సందులో పాదం పడిందంటే చీలమండ విరుగుతుంది. ఇంటి గోడల దగ్గర ఎక్కువగా తగిలే దెబ్బ అలాంటిదే.

మొదటి మూడు నెలలు

ఎక్కడం కంటే ముందు పడటం నేర్చుకోండి. రెండు పాదాలూ కలిపి దిగాలి, మోకాళ్లు మడవాలి, అలాగే వెనక్కి దొర్లిపోవాలి. చెయ్యి వెనక్కి పెట్టి ఆపుకోబోతే మణికట్టు పోతుంది. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు వెనక నిలబడాలి. పడేవాణ్ని ఎత్తుకోనక్కర్లేదు. నడుము దగ్గర నెట్టి తల బయటి నేలకి తగలకుండా పరుపు మీదికి మళ్లిస్తే చాలు. ఈ గోడ మీద పాదాలు మీటరున్నర ఎత్తు దాటవు. పడ్డా లేచి నవ్వుకుంటారు, మళ్లీ ఎక్కుతారు. రోజుకి ముప్పైసార్లు పడొచ్చు. ట్యాంకు మీద ఒక్కసారికే ఆట అయిపోతుంది.

కండ రెండు నెలల్లో పెరుగుతుంది. వేళ్లలో ఎముకకీ నరానికీ పట్టు ఇచ్చే పట్టీలు అంత తొందరగా గట్టిపడవు. జోష్‌లో రోజూ వేలాడితే వేలి మొదట్లో ‘టక్’ మని శబ్దం, ఆ తర్వాత నెలల తరబడి రెస్టు. వారానికి మూడురోజులు చాలు. ఎదిగే వయసులో ఉన్నవాళ్లు గుల్లిచ్ క్యాంపస్ బోర్డు జోలికి అసలు పోవద్దు. వేలి ఎముకల చివర్లు ఇంకా ముదరవు.

చేతికి రాసుకునే పొడి మెగ్నీషియం కార్బొనేట్. బడిలో వాడే సుద్దముక్క పొడి చేసి రాసుకుంటే పట్టు రాదు, జారుతుంది. మన ఉక్కపోతకి పొడి కూడా తడిసిపోతుంది కాబట్టి వేసవిలో తెల్లవారుజామునే ఎక్కండి. అసలు సీజన్ డిసెంబరు, జనవరి.

బోరు కొట్టకుండా ఒక ఆట ఉంది. మొదటివాడు రెండు హోల్డులు పడతాడు. రెండోవాడు ఆ రెండూ పట్టి ఇంకొకటి కలుపుతాడు. మూడోవాడు అన్నీ గుర్తుపెట్టుకుని ఇంకొకటి. పదిహేనో హోల్డు దగ్గరికొచ్చేసరికి ఊపిరి ఆడదు, నవ్వు ఆగదు.

ఆ తర్వాత అసలు రాయి

గోడ మీద ఏడాది గడిచాక రాయి చూడాలనిపిస్తుంది. అప్పుడు భువనగిరి ఉంది. ఊరంత ఏకశిల, మీద కోట. అక్కడి రాక్ క్లైంబింగ్ స్కూల్లో తాడుతో, ట్రైనర్‌తో నేర్పిస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ మొదట చేయి పెట్టింది ఆ రాయి మీదే. తర్వాత డార్జిలింగ్, లడాఖ్. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు మీద నిలబడ్డారు. పూర్ణకి అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. కూలి పనులు చేసుకునే ఇంటి పిల్ల.

నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అంత తెలిసినవాడినీ కొండ క్షమించలేదు. ఆయన్ని తలుచుకునేటప్పుడు 172 రోజులతో పాటు ఆ చివరి రోజు కూడా గుర్తుంచుకోవాలి.

ఈ ఆదివారం మీ ఫ్రెండ్స్ గ్రూపులో ‘రాత్రి ట్యాంకు ఎక్కుదాం రా’ అని మెసేజ్ వస్తే, ‘రెండు ప్లైవుడ్ షీట్లు ఎంతవుతాయో కనుక్కో’ అని రిప్లై ఇవ్వండి. వెక్కిరిస్తారు, పర్లేదు. షెడ్డు దొరికాక, పరుపులు పరిచాక వాళ్లే వచ్చి చెప్పులు విప్పుతారు. వీలైతే మీ ఊరి గీత కార్మికుణ్ని కూడా ఒకసారి పిలవండి. ‘బాబాయ్, కాలు ఎక్కడ పెట్టమంటావ్’ అని అడగండి. ఆయన చెప్పేది వినండి.